పాత ఆర్‌వీలో సామాన్లు మొరాయిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో సెకండ్ హ్యాండ్ ఆర్‌వీ, అంటే పడక, వంటగది, బాత్‌రూమ్ అన్నీ లోపలే ఉండే ఇల్లులాంటి బండి, కొన్న మనవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. వేరే బండి వెనక తగిలించి లాగే ట్రావెల్ ట్రైలర్ అయినా, సొంత ఇంజిన్ ఉన్న మోటర్‌హోమ్ అయినా లోపలి సామాన్ల సంగతి దాదాపు ఒకటే. ఇంజిన్, టైర్ల జోలికి ఇక్కడ పోవట్లేదు. ముందే ఒక మాట చెప్పేస్తాను: పాత బండిలో "పోయింది" అని తేల్చేసిన సామాన్లలో చాలావాటికి ఏమీ కాలేదు, వాటికి అందాల్సిన కరెంటో గ్యాసో నీళ్ళో అందట్లేదు, అంతే. పార్ట్ ఆర్డర్ పెట్టేముందు అది చూడండి.

బండి ఇంటికి తెచ్చాం. లైట్లు మసక మసకగా ఉన్నాయి, ఫ్రిజ్ రాదు, హీటర్ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్యాటరీ దగ్గర. ఆర్‌వీలో రెండు కరెంట్లు ఉంటాయి. బయట ప్లగ్ పెడితే వచ్చే 120 వోల్టులు ఏసీకి, మైక్రోవేవ్‌కి, గోడ ప్లగ్‌లకి. బ్యాటరీ నుంచి వచ్చే 12 వోల్టులు లైట్లకి, నీళ్ళ పంపుకి, ఫర్నేస్ (బండిని వెచ్చబరిచే గ్యాస్ హీటర్) ఫ్యాన్‌కి. ఇక్కడే చాలామంది పొరబడతారు, గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్‌కి, గీజర్‌కి కూడా లోపలి సర్క్యూట్ బోర్డు కోసం 12 వోల్టులు కావాలి. సిలిండర్ నిండుగా ఉన్నా బ్యాటరీ చచ్చిపోతే ఏదీ వెలగదు.

ఒక చవక మల్టీమీటర్ కొనండి. బయట ప్లగ్ తీసేసి, కాసేపాగి బ్యాటరీ మీద పెట్టి చూస్తే 12.6 లేదా 12.7 ఉంటే ఫుల్. 12 దగ్గరుంటే సగమో అంతకన్నా తక్కువో మిగిలినట్టు, మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీని అంతకంటే కిందికి దించితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. ఇప్పుడు ప్లగ్ పెట్టి మళ్ళీ చూడండి. 13.2 నుంచి 14.4 మధ్యకి ఎక్కిందా, కన్వర్టర్ (120 వోల్టుల్ని 12కి మార్చి బ్యాటరీని నింపే పెట్టె) ఛార్జ్ చేస్తోంది. ముల్లు కదల్లేదంటే కన్వర్టర్ పోయిందని వెంటనే అనుకోకండి. తలుపు దగ్గరో మెట్ల పక్కనో ఉండే బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్ ఆఫ్‌లో ఉందేమో చూడండి, పాత ఓనర్ దాన్ని ఆఫ్ చేసి చెప్పకుండా వెళ్ళిపోయి ఉంటాడు. తర్వాత ఫ్యూజ్ ప్యానెల్ తెరవండి. ఒక పక్కన పెద్ద ఫ్యూజులు, సాధారణంగా రెండు, పక్కపక్కనే ఉంటాయి. ఎవరైనా బ్యాటరీ వైర్లు ఎప్పుడో ఒకసారి తిప్పి పెట్టి ఉంటే అవి కాలిపోయి, మిగతావన్నీ బాగానే ఉంటాయి. కొన్ని డాలర్ల పని.

ఇంటి గరాజ్‌లో ప్లగ్ పెట్టుకోవచ్చా?

మామూలు 15 యాంప్స్ ప్లగ్‌కి అడాప్టర్ పెట్టుకుని బ్యాటరీ ఛార్జ్ చేసుకోవచ్చు, లైట్లు, ఫ్రిజ్ నడుపుకోవచ్చు. రూఫ్ ఏసీ మాత్రం వేయకండి, సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు మీద అసలే వద్దు.

అసలు టెన్షన్ వేరే చోట ఉంది. కొంతమంది ఇంటి పక్కన ప్రత్యేకంగా 30 యాంప్స్ ఆర్‌వీ ప్లగ్ పెట్టించుకుంటారు. ఆ మూడు పిన్నుల ప్లగ్‌ని చూసి, డ్రయర్ ప్లగ్ లాంటిదే అనుకుని 240 వోల్టులు ఇచ్చేసే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ఆర్‌వీ 30 యాంప్స్ ప్లగ్ అంటే 120 వోల్టులే. 240 తగిలిందంటే కన్వర్టర్, మైక్రోవేవ్, ఏసీ, టీవీ ఒక్క దెబ్బకి పోతాయి. పని అయ్యాక ఎలక్ట్రీషియన్ అక్కడున్నప్పుడే మీటర్ పెట్టి చూపించమనండి, ఆ తర్వాతే బండి తగిలించండి. 50 యాంప్స్ నాలుగు పిన్నులది వేరే సంగతి, అందులో 120 వోల్టుల లైన్లు రెండు వస్తాయి.

సగం ప్లగ్ పాయింట్లలో కరెంటు రావట్లేదు.

బాత్‌రూమ్‌లో చిన్న బటన్లున్న ప్లగ్ ఉంటుంది, జీఎఫ్‌సీఐ అంటారు, షాక్ కొట్టకుండా కరెంటు ఆపేసేది. రీసెట్ నొక్కండి. వంటగదివి, బయటివి చాలా బండ్లలో దాని మీదే ఆధారపడి ఉంటాయి. బయటి ప్లగ్‌లో వాన నీళ్ళు చేరితే అది మళ్ళీ పడిపోతుంది, ఆరబెట్టి చూడండి.

ఏసీ వేసి రైస్ కుక్కర్ పెడితే బ్రేకర్ పడిపోతోంది. వైరింగ్ చెడిపోయిందా?

లేదు, లెక్క కుదరట్లేదు. 30 యాంప్స్ అంటే మొత్తం 3,600 వాట్లు. రూఫ్ ఏసీ ఒక్కటే 13 యాంప్స్ దాకా లాగుతుంది. గీజర్ కరెంటు మీద పెడితే ఇంకో 12. ఫ్రిజ్ ఓ మూడు, కన్వర్టర్ కొంచెం. ఇప్పుడు చట్నీకని మిక్సీ వేస్తే ఆరు. ఇండక్షన్ స్టవ్ ఫుల్ మీద పెడితే పదిహేను. ఇక బ్రేకర్ పడక ఏం చేస్తుంది? వంట చేసేటప్పుడు గీజర్‌ని, ఫ్రిజ్‌ని గ్యాస్ మీదకి మార్చండి, చాలావరకు తీరిపోతుంది. ఏమీ వేయకుండానే పడిపోతుంటే, లేదా ప్లగ్ పిన్నులు నల్లబడి వేడెక్కుతుంటే అప్పుడు వైరింగ్‌ని అనుమానించండి.

ఫ్రిజ్ చల్లబడట్లేదు. కొత్తది కొనాల్సిందేనా?

ఈ ప్రశ్న అడగని వాళ్ళు లేరు, కాబట్టి కొంచెం వివరంగా. పాత ఆర్‌వీల్లో చాలావాటిలో ఉండేది ఇంట్లో ఉండే ఫ్రిజ్ కాదు. దానిలో కంప్రెసర్ లేదు. కింద చిన్న మంటో కరెంటు హీటరో ఉంటుంది, ఆ వేడికి అమోనియా ద్రావణం మరిగి, పైకెళ్ళి, చల్లారి, తన బరువుకి తనే కిందికి జారుతూ తిరుగుతుంది. అంటే బండి వంకరగా నిలబెడితే ఆ ద్రావణం ఎక్కడో ఒకచోట నిలిచిపోతుంది. పక్కలకి 3 డిగ్రీలు, ముందూ వెనకలకి 6 డిగ్రీలు దాటి వంగకూడదని సాధారణంగా చెప్తారు. ఎక్కువ సేపు వంకరగా నడిపితే గొట్టం లోపల పదార్థం పేరుకుపోయి శాశ్వతంగా మూసుకుపోతుంది. రోడ్డు మీద పోతున్నప్పుడు కదులుతూ ఉంటుంది కాబట్టి ఫరవాలేదు.

మట్టంగా నిలబెట్టాక కూడా గంటలో చల్లబడుతుందని చూడకండి. రాత్రంతా పడుతుంది. బయల్దేరే ముందురోజే ఆన్ చేసి, చల్లటి సామాన్లే పెట్టండి. మధ్యాహ్నం నాలుగు లీటర్ల ఇడ్లీపిండి, అప్పుడే దించిన సాంబారు పెట్టి ఫ్రిజ్ పనిచేయట్లేదంటే అది ఫ్రిజ్ తప్పు కాదు.

కరెంటు మీద చల్లబడుతూ గ్యాస్ మీద చల్లబడకపోతే తప్పు బర్నర్‌లో ఉంది. గ్యాస్ కట్టేసి, చల్లారాక బయటివైపు కింది జాలీ తలుపు తీయండి. లోపల చిన్న రేకు పెట్టె, దాని వెనక పెన్సిల్ అంత బర్నర్ గొట్టం, గొట్టం మీద సన్నటి గీతల్లాంటి చీలికలు. పొగ గొట్టంలోంచి రాలిన తుప్పు పొట్టు సరిగ్గా ఆ చీలికల మీద పడి ఉంటుంది, సాలెగూడు కూడా ఉండొచ్చు. మెత్తటి బ్రష్‌తో దులిపి గాలి కొట్టండి. మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపు రంగులో ఊగుతుంటే ఇంకా శుభ్రం కాలేదు. ఇక గ్యాస్, కరెంటు రెండింటి మీదా ఒకేలా సగం సగం చల్లబడుతుంటే వెనక గాలి ఆడుతోందా, తలుపు రబ్బరు పట్టు ఉందా చూడండి. డాలర్ నోటు మధ్యలో పెట్టి తలుపు మూసి లాగితే బిగువుగా రావాలి.

ఏ సందర్భంలో ఆశ వదులుకోవాలంటే, వెనక గొట్టాల మీద పసుపురంగు పొడి కనిపించినా, ముక్కు పగిలేలా అమోనియా ఘాటు వచ్చినా. కూలింగ్ యూనిట్ కారిపోయింది. వెంటనే ఆఫ్ చేసి, కిటికీలు తెరిచి బయటికి రండి. దాన్ని మళ్ళీ ఆన్ చేసి చూద్దాం అనుకోవద్దు, నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

బండిలో కుళ్ళిన గుడ్ల వాసన వస్తోంది.

ముందు గ్యాసే అనుకోండి. మంటలార్పి, స్విచ్‌లు ముట్టుకోకుండా అందరినీ బయటికి దింపి, సిలిండర్ కట్టేయండి. ప్రొపేన్‌కి సొంత వాసన ఉండదు, తెలియడం కోసం మెర్కాప్టాన్ కలుపుతారు. గాలి ఆడాక సబ్బు నీళ్ళతో జాయింట్లు తడుపుతూ బుడగలు వస్తున్నాయేమో చూడాలి. అగ్గిపుల్లతో కాదు.

గ్యాస్ లీక్ లేదని తేలితే మిగిలేవి మూడు. ఒకటి బ్యాటరీ: పాత కన్వర్టర్ అతిగా ఛార్జ్ చేస్తే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉడికిపోయి అచ్చం ఇదే వాసన వస్తుంది, ఆ వాయువులకి గ్యాస్ అలారం కూడా మోగుతుంది, అందుకే చాలామంది అలారం పోయిందనుకుని పీకేస్తారు. బ్యాటరీ ముట్టుకుంటే కాలుతుంటే, పొట్ట ఉబ్బితే ఛార్జింగ్ ఆపండి. రెండు, వేడినీళ్ళ కుళాయి తిప్పినప్పుడు మాత్రమే వాసన వస్తే గీజర్‌లో నిలవ నీళ్ళలో బ్యాక్టీరియా చేరింది, ట్యాంకు ఖాళీ చేసి కడిగితే పోతుంది. మూడు, సింక్ కిందినుంచి. అక్కడ గాలి కోసం పెట్టిన చిన్న ప్లాస్టిక్ మూత లోపలి రబ్బరు పాడైతే గ్రే ట్యాంక్ (సింక్, షవర్ నీళ్ళు చేరేది) కంపంతా వంటగదిలోకి వస్తుంది, మరతిప్పి కొత్తది బిగిస్తే చాలు. ఇంకా వాసన ఉంటే ఇంగువ డబ్బా మూత చూసుకోండి, నవ్వకండి, దాన్లోనూ గంధకం ఉంది.

అలారం మోగడం కాక, నిమిషానికోసారి కిచ్‌మంటుంటే దాని గడువు అయిపోయింది. వెనక తేదీ ఉంటుంది. మోడల్‌ని బట్టి అయిదు నుంచి ఏడేళ్ళలో మార్చాలి. గ్యాస్ అలారం నేల దగ్గరుంటుంది, ప్రొపేన్ గాలికన్నా బరువు కాబట్టి. పొరపాటున పైన బిగించకండి.

కొత్త సిలిండర్ పెట్టాం, స్టవ్ మంట మిణుకు మిణుకుమంటోంది.

సిలిండర్ వాల్వ్ గబుక్కున తిప్పి ఉంటారు. ఒక్కసారిగా గ్యాస్ దూకితే పైపు తెగిందనుకుని లోపలి సేఫ్టీ దాన్ని బిగించేస్తుంది, సన్నగా మాత్రమే వదులుతుంది. స్టవ్ కట్టేసి, సిలిండర్ కట్టేసి, రెండు నిమిషాలాగి మెల్లగా తిప్పండి. అప్పటికీ అంతే అయితే రెగ్యులేటర్.

వంట సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. పోపు వేయగానే స్మోక్ అలారం మోగుతుందా? పొయ్యి మీది ఫ్యాన్ పొగని బయటికి నెట్టాలంటే బండి బయటి గోడకి ఒక చిన్న రేకు తలుపు ఉంటుంది, ప్రయాణంలో కొట్టుకోకుండా దానికి గొళ్ళేల్లాంటివి ఉంటాయి. అవి తీయకపోతే ఫ్యాన్ ఊరికే రొద పెడుతుంది. వాటి సంగతే తెలియని ఓనర్లు బోలెడుమంది.

సిలిండర్ల గురించే ఇంకో మాట: న్యూజెర్సీ నుంచి వర్జీనియా వైపు వెళ్ళేవాళ్ళు బాల్టిమోర్ సొరంగాల్లోకి ప్రొపేన్ సిలిండర్లతో పోకూడదు, ఊరి చుట్టూ ఉన్న 695 హైవే మీద పడమటి వైపు నుంచి చుట్టుకుని పొండి. తూర్పు వైపు ఆ హైవే మీదున్న కీ బ్రిడ్జ్ 2024 మార్చిలో కూలిపోయింది.

వేడినీళ్ళు రావట్లేదు, వచ్చినా గోరువెచ్చగా వస్తున్నాయి.

గోరువెచ్చగా వస్తే గీజర్‌ని తిట్టకండి, బయటి షవర్ చూడండి. బండి పక్కన చిన్న తలుపు తీస్తే ఉంటుంది. షవర్ హెడ్ బటన్ నొక్కి ఆపేసి, వేడి, చల్ల కుళాయిలు రెండూ తెరిచి వదిలేస్తే ఆ రెండు నీళ్ళూ అక్కడే కలిసిపోయి బండంతా గోరువెచ్చగా పారతాయి. అది కాకపోతే గీజర్ వెనక బైపాస్ వాల్వులు, అంటే నీళ్ళు గీజర్‌లోకి పోకుండా పక్కనుంచి మళ్ళించేవి. చలికాలానికి ముందు పాత ఓనర్ తిప్పి, మళ్ళీ యథాస్థితికి తేలేదు. మూడు వాల్వులుంటే అడ్డంగా రెండు గొట్టాల్ని కలిపేది మూసి ఉండాలి, మిగతా రెండూ తెరిచి ఉండాలి.

బైపాస్‌లో ఉందంటే గీజర్‌లో నీళ్ళు లేవని అర్థం. ఆ స్థితిలో కరెంటు స్విచ్ వేస్తే లోపలి కాయిల్ నిమిషాల్లో మాడిపోతుంది. అందుకే కొత్తగా తెచ్చిన బండిలో, వేడినీళ్ళ కుళాయి తిప్పి, గాలి అంతా పోయి నీళ్ళు ధారగా వచ్చాకే ఆన్ చేయాలి. సబర్బన్ కంపెనీ గీజర్లలో కొన్నిటికి కరెంటు స్విచ్ లోపల కాదు, బయట గీజర్ రేకు తలుపు వెనక, కింద మూలన నల్లగా ఉంటుంది, దుమ్ములో కనిపించదు. లోపల ఎన్ని స్విచ్‌లు నొక్కినా అది వేయకపోతే పనిచేయదు.

సబర్బన్ ట్యాంకు ఇనుముది, తుప్పు పట్టకుండా దాన్లో యానోడ్ రాడ్ ఉంటుంది, ముప్పావు వంతు కరిగిపోతే మార్చాలి. ఆట్‌వుడ్ కంపెనీ ట్యాంకు అల్యూమినియం, దానికి ప్లాస్టిక్ బిరడానే. ఏదైనా సరే, వేడిగా ఉన్నప్పుడు విప్పకండి. చల్లార్చి, నీళ్ళు కట్టేసి, పైనున్న సేఫ్టీ వాల్వ్ ఎత్తి ప్రెషర్ వదిలి, అప్పుడు విప్పాలి. మరిగే నీళ్ళు ముఖాన కొడతాయి.

ఫర్నేస్ ఫ్యాన్ తిరుగుతుంది కానీ వేడి రాదు.

శ్రద్ధగా వినండి. ముందు ఫ్యాన్ కొన్ని సెకన్లు తిరగాలి, తర్వాత టిక్ టిక్ మని నిప్పురవ్వ, వెంటనే భుస్సుమని మంట. టిక్ టిక్ అసలు వినిపించకపోతే ఫ్యాన్ చాలినంత గాలి తోయట్లేదు: బ్యాటరీ నీరసంగా ఉందన్నా కావచ్చు, గాలికి కదిలే సెయిల్ స్విచ్ అనే చిన్న రేకు దగ్గర దుమ్మో కుక్క వెంట్రుకలో చుట్టుకున్నాయన్నా కావచ్చు. టిక్ టిక్ వినిపించి మంట రాకపోతే గ్యాస్ అందట్లేదు. ముందు స్టవ్ వెలిగించి గొట్టంలో గాలి పోనివ్వండి. బయట పొగ రంధ్రంలో కందిరీగలు మట్టిగూళ్ళు కడతాయి, అదీ చూడండి. ఫర్నేస్ రావట్లేదని స్టవ్ వెలిగించి పడుకోవడం మాత్రం వద్దు, కార్బన్ మోనాక్సైడ్ చంపేస్తుంది.

ఎవరూ కుళాయి తిప్పకుండానే పంపు టుర్రుమంటోంది.

ఎక్కడో నీరు కారుతోంది. టాయ్‌లెట్ వెనక, గీజర్ వెనక, సింక్ కింద టిష్యూ పేపరుతో తుడిచి చూడండి. ఎక్కడా తడి లేకపోతే పంపులోని చెక్ వాల్వ్ పట్టట్లేదు, నీళ్ళు వెనక్కి ట్యాంకులోకి పోతున్నాయి. క్యాంప్‌గ్రౌండ్ పైపు తగిలించినప్పుడు మీ ట్యాంకు దానంతటదే నిండి పొంగుతున్నా కారణం అదే. పైపు తగిలించేటప్పుడు నీళ్ళ ప్రెషర్‌ని 40 నుంచి 50 పీఎస్‌ఐకి తగ్గించే రెగ్యులేటర్ తప్పనిసరి, కొన్ని క్యాంప్‌గ్రౌండ్లలో ప్రెషర్ పాత జాయింట్లు ఊడిపోయేంత ఉంటుంది.

పాత ట్యాంకు నీళ్ళు తాగొచ్చా అంటే, ముందు 15 గ్యాలన్లకి పావు కప్పు మామూలు బ్లీచ్ చొప్పున కలిపి, అన్ని కుళాయిల్లోకీ రానిచ్చి, కొన్ని గంటలుంచి, వాసన పోయేదాకా కడగండి. టీకి నేను ఇప్పటికీ బాటిల్ నీళ్ళే వాడతాను, అది నా చాదస్తం.

టాయ్‌లెట్ ట్యాంకు ఖాళీ చేసినా మీటర్ ఎప్పుడూ నిండుగానే చూపిస్తోంది.

ట్యాంకు గోడకున్న సెన్సర్ల మీద పేపరో మరేదో అంటుకుంది. నీళ్ళు, కొంచెం గిన్నెల సబ్బు పోసి కాసేపు బండి నడిపి వదలండి, ఒకటి రెండుసార్లకి కొంత సర్దుకుంటుంది. పూర్తిగా నమ్మకండి. పాత బండ్లలో ఆ మీటర్లు నిజం చెప్పడం అరుదు.

అంతకంటే ముఖ్యం, బ్లాక్ ట్యాంక్ (టాయ్‌లెట్‌ది) వాల్వ్ ఎప్పుడూ మూసే ఉంచాలి. తెరిచి వదిలేస్తే నీళ్ళన్నీ వెళ్ళిపోయి గట్టిది గుట్టగా మిగిలి ఎండిపోతుంది, అది వదిలించడం మాటలు కాదు. మూడింట రెండొంతులు నిండాక ముందు బ్లాక్, తర్వాత గ్రే వదలాలి, సబ్బునీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి. మనవాళ్ళకి ప్రత్యేకంగా: పప్పు గిన్నె, నెయ్యి మూకుడు సింక్‌లో కడిగేముందు పేపరుతో తుడిచి చెత్తలో వేయండి. వేసవిలో గ్రే ట్యాంక్ కంపు బ్లాక్‌ని మించిపోయేది ఇందుకే.

రూఫ్ ఏసీలో గ్యాస్ కొట్టించాలా?

ఇండియా అలవాటు. ఆర్‌వీ రూఫ్ ఏసీలు సాధారణంగా సీల్ చేసి వస్తాయి, గ్యాస్ నింపే వాల్వే ఉండదు. లోపలికి పోయే గాలికీ బయటికొచ్చే గాలికీ మధ్య 18 నుంచి 20 ఫారెన్‌హీట్ డిగ్రీల తేడా ఉంటే అది బాగానే పనిచేస్తోంది, ఎండలో నిలబెట్టిన బండిని అంతకంటే చల్లబరచలేదు. తేడా తక్కువగా ఉంటే ఫిల్టర్ కడగండి. తర్వాత లోపలి ప్లాస్టిక్ కవర్ విప్పి టార్చ్ వేసి చూడండి: చల్లగాలి వచ్చే గది, వెనక్కి లాగే గది మధ్య అడ్డు అతుకు ఊడిపోయి, చల్లటి గాలి బండిలోకి రాకుండా మళ్ళీ లోపలికే పోతుంటుంది. అల్యూమినియం టేపు అంటించండి, చాలా బండ్లలో దీంతోనే గాలి మారిపోతుంది. హుమ్మని బ్రేకర్ పడిపోతే మోటర్‌ని స్టార్ట్ చేయించే కెపాసిటర్ కావచ్చు, అది కరెంటు తీసేశాక కూడా షాక్ కొడుతుంది, తెలియకపోతే ముట్టుకోవద్దు. జూలై మధ్యాహ్నం క్యాంప్‌గ్రౌండ్‌లో వోల్టేజ్ 105 కన్నా తగ్గితే ఏసీ ఆపేయండి, కంప్రెసర్ బతుకుతుంది.

జనరేటర్ నిన్న తిరిగింది, ఇవాళ స్టార్ట్ అవ్వట్లేదు.

మోటర్‌హోమ్ అయితే పెట్రోల్ ముల్లు చూడండి. జనరేటర్ కూడా ఇంజిన్ ట్యాంకులోంచే తాగుతుంది కానీ దాని గొట్టం పైకి ఉంటుంది, మీరు అడవిలో చిక్కుకోకుండా పావు ట్యాంకు దగ్గర ఆగిపోతుంది. పెట్రోల్ ఉండి కూడా రాకపోతే జనరేటర్ ఆయిల్ మట్టం చూడండి. నెలల తరబడి తిప్పకపోతే కార్బురేటర్ జిగురుపడుతుంది. నెలకోసారి ఏసీ వేసి కాసేపు నడపాలి.

స్లైడ్ అవుట్ (బటన్ నొక్కితే బయటికి జరిగి గదిని పెద్దది చేసే భాగం) సగంలో ఆగిపోయింది.

బటన్ పదే పదే నొక్కకండి. ప్లగ్ పెట్టండి లేదా ఇంజిన్ స్టార్ట్ చేయండి, నీరసపడ్డ బ్యాటరీతో అది కదలదు. లోపల కుర్చీ, బయట చెట్టుకొమ్మ అడ్డొచ్చాయేమో చూడండి. ఆ తర్వాతే చేత్తో తిప్పే క్రాంక్. ఆ క్రాంక్ బండితో ఉందో లేదో, ఎక్కడ పెట్టి తిప్పాలో కొనేరోజే అమ్మేవాణ్ణి చూపించమనాలి, వానలో టార్చ్ పట్టుకుని వెతకడం నరకం.

కప్పు మూలన మరక ఉంది, ఏదైనా పూయాలా?

పూయాలి, కానీ హార్డ్‌వేర్ షాపు సిలికాన్ కాదు. రబ్బరు కప్పు మీద అది ఊడిపోతుంది, తర్వాత ఏదీ అంటదు. ఆర్‌వీ ల్యాప్ సీలెంట్ అని అడగండి. ఏసీ చుట్టూ కారుతుంటే లోపలి నుంచి దాని బోల్టులు వదులయ్యాయేమో కూడా చూడండి. మరక దగ్గర గోడ, నేల మెత్తగా ఉంటే కర్ర కుళ్ళింది, అది సీలెంట్‌తో అయ్యే పని కాదు.

మేం టెక్సస్‌లో ఉంటాం, చలికాలం జాగ్రత్తలు అక్కర్లేదు కదా?

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ని గడ్డకట్టించిన చలి మర్చిపోయారా? గీజర్, గొట్టాలు, పంపు ఖాళీ చేసి గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ పోయండి. కార్లలో పోసే ఆకుపచ్చది విషం, నీళ్ళ గొట్టాల్లోకి రానే కూడదు.

ఇవన్నీ చూశాక కూడా పనిచేయకపోతే?

సామాను మీది స్టిక్కర్‌లో మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఫోటో తీసుకుని టెక్నీషియన్‌కి పంపండి, ఇంటికొచ్చి చేసే మొబైల్ టెక్నీషియన్లు చాలా ఊళ్ళలో ఉన్నారు. డీలర్ యార్డ్‌లో పడేస్తే సీజన్‌లో నెలలు పట్టొచ్చు. అంతకంటే ముందు ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ) వెబ్‌సైట్‌లో బండి విన్ నంబరు, అంటే బండి గుర్తింపు నంబరు, కొట్టి రీకాల్ (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలవడం) ఉందేమో చూడండి, ఫ్రిజ్ కంపెనీ పేరుతో విడిగా కూడా వెతకండి. పాత అబ్సార్ప్షన్ ఫ్రిజ్‌లని, అంటే పైన చెప్పిన అమోనియా ఫ్రిజ్‌లని, నిప్పు ప్రమాదం వల్ల డొమెటిక్, నోర్‌కోల్డ్ కంపెనీలు రెండూ రీకాల్ చేశాయి, పాత ఓనర్ ఆ పని చేయించాడో లేదో మీకు చెప్పి ఉండడు.